యాభై కేబీల అన్నం

ఎర్రగుంటపల్లి ప్రాథమికోన్నత పాఠశాలలో ఆ రోజు అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, గుడ్లు కూడా ఉడికాయి. పిల్లలు చేతులు కడుక్కొని, పళ్లేలు ముందు పెట్టుకొని వరండాలో బారులుగా కూర్చున్నారు. అయినా ఒక్కరూ ముద్ద ఎత్తడం లేదు. హెడ్మాస్టర్ బండారి లక్ష్మీరాజం వంటగది ముందు నిలబడి, సర్కారు ఇచ్చిన ఫోనును రెండు చేతులతో ఆకాశానికి చూపిస్తున్నాడు.

ఆ వారంలోనే 'అన్నదర్శిని' అనే వెబ్‌సైటు మొదలైంది. మధ్యాహ్న భోజనంలో దొంగలెక్కలు అరికట్టడం దాని ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. పిల్లలు తినేముందు అన్నాన్నీ కూరనీ పిల్లల్నీ కలిపి ఫొటో తీయాలి. దాన్ని వెబ్‌సైటుకు ఎక్కించాలి. ఆకుపచ్చ టిక్కు పడిన తరువాతే పిల్లలు తినాలి. ఫొటో యాభై కేబీలు దాటకూడదు. యాభయ్యే ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. వంద మరీ ఎక్కువని, పది మరీ తక్కువని ఏదో కమిటీలో అనుకున్నారట.

ఫోను చిన్నగా మూలిగి ఒక ఎర్రటి వాక్యం చూపించింది: 'మీ భోజనం పరిమితిని మించినది. తగ్గించి మరల ప్రయత్నించండి.'

వంటామె కొమురవ్వ గరిటె పట్టుకొని బయటికొచ్చింది. "ఏమైంది సారూ? బియ్యం ఎక్కువ పోసిన్నా?"

"అన్నం గాదు కొమురవ్వా, ఫొటో ఎక్కువైందట."

"ఫొటో ఎట్ల ఎక్కువైతది? ఒక్కటే గద తీసినవ్!"

లెక్కల టీచరు షాహీన్ వచ్చి ఫోను తీసుకుంది. ఎక్కడో రెండుసార్లు నొక్కింది. ఫొటో కుదించుకుపోయింది. ఆకుపచ్చ టిక్కు పడింది. పిల్లలు అన్నం మీద పడ్డారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వ్యవహారం ఇంత తేలికగా సాగిపోతుంటే పైనున్నవాళ్లకు అనుమానం రావడం సహజమే.

కొద్దిరోజులకు మెమో వచ్చింది. 'విషయం: భోజన ఛాయాచిత్రములను కుదించుట - సంజాయిషీ కోరుట - గురించి. తమరు సమర్పించిన ఛాయాచిత్రములు సహజ పరిమాణములో లేవనియు, మార్గమధ్యమున కుదింపునకు గురైనవనియు సర్వరు గ్రహించినది. ప్రభుత్వ సాక్ష్యమును కుదించుట ఏడవ నియమము ప్రకారము ఫోర్జరీగా పరిగణించబడును.'

లక్ష్మీరాజం ఆ సాయంత్రమే బస్సెక్కి మండల విద్యాధికారి నరహరి దగ్గరికి పోయాడు. నరహరి మాట్లాడే ముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు. తుడుచుకున్నాక కూడా ఆయనకు ఎదుటిమనిషి పెద్దగా కనబడడు.

"సార్, నాలుగో నియమమేమో యాభై కేబీలు దాటొద్దంటది. ఏడో నియమమేమో ఫొటోను తగ్గించొద్దంటది. ఆ ఫోన్ల ఎట్ల తీసినా నాలుగైదు వందలొస్తయి. నన్నేం చేయమంటరు?"

"లక్ష్మీరాజం గారూ," అన్నాడు నరహరి ఓపికగా, "నియమాలు ఒకదాంతోటి ఒకటి కొట్లాడయి. మనమే సరిగ్గ చదవం. ఫొటోను తగ్గించొద్దన్నరు. ఫొటోల ఉన్నదాన్ని తగ్గించొద్దని ఎక్కడన్న రాసి ఉన్నదా?"

లక్ష్మీరాజం సర్క్యులరును వెనకాముందూ తిప్పి చూశాడు. నిజంగానే ఎక్కడా రాసి లేదు.

ఈ వెలుగు నరహరి ఒక్కడికే కలగలేదు. జిల్లాలో హెడ్మాస్టర్లందరికీ శిక్షణ పెట్టారు. దానికోసం చిద్విలాస్ అనే ప్రత్యేకాధికారి వచ్చాడు. ఆయన తెర మీద రెండు ఫొటోలు చూపించాడు. ఒకటి పూలతో ఉన్న తంగేడు పొద. రెండోది ఖాళీ సున్నపు గోడ.

"మిత్రులారా! ఒకే ఫోను, ఒకే దూరం, ఒకే ఎండ. పొద ఆరువందల కేబీలు. గోడ నలభై. ఎందుకు? పొదలో ప్రతి ఆకూ ఒక వివరం. ప్రతి పువ్వూ ఒక వివరం. గోడలో ఏ వివరమూ లేదు. కనుక మన శత్రువు కేబీ కాదు. వివరం!" ఆయన ఆ మాట హాలు చివరిదాకా చేరేవరకూ ఆగాడు. "నేటి నుండి జిల్లాలోని ప్రతి పాఠశాలలో నిర్వివరీకరణ కార్యక్రమాన్ని యుద్ధప్రాతిపదికన చేపడుతున్నాము."

లక్ష్మీరాజంతో పాటు వచ్చిన షాహీన్ లేచి నిలబడింది. "సార్, వెబ్‌సైట్ల ఆ యాభైని అయిదువందలు చేస్తే అయిపోతది కద?"

చిద్విలాస్ ఆమె వైపు జాలిగా చూశాడు. "అది విధానపరమైన నిర్ణయమమ్మా. దానికి మంత్రివర్గ ఉపసంఘం కావాలి. గోడకు సున్నం వేయడానికి బకెట్టు చాలు."

హాలులో చప్పట్లు మోగాయి. మధ్యాహ్నం అందరికీ బిర్యానీ పెట్టారు. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

లక్ష్మీరాజం మంచి మాస్టరు, మంచి మనిషి. కాకపోతే, సర్క్యులరు చూస్తే పాటించకుండా ఉండలేడు. మర్నాడే సున్నం తెప్పించాడు. వరండా గోడ మీద అక్షరాలూ బొమ్మలూ ఉండేవి. ఎన్నో ఏళ్లుగా ఒకటో తరగతి పిల్లలు పలక ముట్టక ముందే ఆ గోడ చూసి సగం అక్షరాలు నేర్చుకునేవారు. పొద్దుగూకేసరికి గోడ మొత్తం తెల్లబడింది. రెండో తరగతి చదివే శ్రీనిక వచ్చి గోడ పొడుగునా చెయ్యి రాసుకుంటూ నడిచింది.

"సార్, ఏనుగు ఏడబోయింది?"

"ఏడికి పోలేదమ్మా. సున్నం కిందున్నది."

"మళ్ల ఎప్పుడొస్తది?"

లక్ష్మీరాజం రిజిస్టరు వెతుక్కుంటున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తరువాత వరండా పక్కనున్న కానుగ చెట్టు వంతు. ఫొటోలో ఓ మూల దాని కొమ్మ పడుతోంది. కొమ్మంటే ఆకులు, ఆకులంటే వివరాలు. కొమ్మలు నరికేశారు. పిల్లల మీద ఎండ పడింది. ఎండతో పాటు నీడలూ వచ్చాయి. నీడలు కూడా వివరాలేనని పైనుంచి ఫోనొచ్చింది. దాంతో భోజనాలకు పిల్లలను గోడకు మరింత దగ్గరగా జరిపారు. వాళ్ల యూనిఫాం సర్కారువారే ఇచ్చిన గళ్ల చొక్కా. ఆ గళ్లు ఒక్కొక్కటే లెక్కకొస్తున్నాయి. చొక్కాలు తిరగేసి తొడిగించి చూశారు. లోపలి వైపు కూడా గళ్లే. చివరికి ఊళ్లో దుప్పట్లు అడుక్కొచ్చి పిల్లలకు మెడదాకా కప్పారు. దూరం నుంచి చూసేవాళ్లకు సున్నపు గోడకు తలకాయలు మొలిచినట్టు ఉంది. నవ్వొద్దని కూడా చెప్పారు. పళ్లు బయటపడితే సంఖ్య పెరుగుతోంది. అయితే ఆ దుప్పట్లలో ఉక్కపోతకు నవ్వేవాళ్లెవరూ లేరు.

ఇన్ని చేసినా ఫొటో వంద దగ్గర ఆగిపోయింది. ఇక మిగిలింది అన్నమే.

గుడ్డుతో ఏ ఇబ్బందీ రాలేదు. గుడ్డు నున్నగా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, దాచిపెట్టుకునే వివరం ఏదైనా ఉంటే లోపలే ఉంటుంది. చిద్విలాస్ గుడ్డును మెచ్చుకుంటూ ప్రత్యేకంగా ఒక సర్క్యులరు పంపాడు. చిక్కంతా పోపు దగ్గర వచ్చింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు కలిస్తే పప్పు గిన్నె కానుగ చెట్టు కంటే ఎక్కువ తూగింది. పోపు ఆపేయాలన్నారు. తరువాత కూరల్లో ముక్కలు కనబడకూడదన్నారు. తరువాత అన్నం మెతుకు మెతుకుగా విడివిడిగా ఉండకూడదన్నారు. మెతుకుకు అంచు ఉంటుంది, అంచంటే వివరమేనట.

"మెతుకు లేని అన్నాన్ని అన్నమంటరా సారూ?" కొమురవ్వ గరిటె నేలకేసి కొట్టింది. "బర్రెకు కుడితి కలిపినట్టు కలపమంటున్నవ్. నా శెయ్యి రాదు."

"నేనేం జేయాలె కొమురవ్వా? పైనుంచి చెప్పిండ్రు."

"పైనున్నోళ్లు తింటరా గిది?"

అయినా కలిపింది. పిల్లలకు తెల్లటి జావ, దాని మీద పసుపుపచ్చటి నీళ్లు. ఫొటో నలభై తొమ్మిదికి దిగింది. టిక్కు పడింది. పిల్లలు రెండు ముద్దలు తిని పళ్లేలు నెట్టేశారు. నాలుగు రోజులు గడిచేసరికి వరసలు పలచబడ్డాయి. సగంమంది మధ్యాహ్నం గంట కొట్టకముందే గోడదూకి ఇళ్లకు పోయేవాళ్లు. పొలం పనులకు పోయినవాళ్ల పిల్లలకు ఇంటి దగ్గర తలుపుకు తాళం ఉండేది. వాళ్లు ఆ తాళం ముందే కూర్చొని సాయంత్రం చేసేవాళ్లు. పిల్లలు తగ్గినకొద్దీ తలకాయలు తగ్గాయి, తలకాయలు తగ్గినకొద్దీ ఫొటో ఇంకా తేలికైంది. బడికి 'ఎ' గ్రేడు వచ్చింది. నరహరి ఫోను చేసి అభినందించాడు.

అభినందన విన్న మధ్యాహ్నం లక్ష్మీరాజం సంతకాల పుస్తకం మూసి, వరండా చివరిదాకా నడిచాడు. శ్రీనిక జావలో వేలితో బొమ్మ గీస్తోంది. చుట్టూ గీసి తొండం తీసింది. జావ మెల్లగా కదిలి ఏనుగును మింగేసింది. ఆ పిల్ల మళ్లీ గీసింది.

"తినవా బిడ్డా?"

"ఆకలైతలేదు సార్," అంది శ్రీనిక. అంటూ అంటూ గుటక మింగింది.

లక్ష్మీరాజానికి ఆ గుటక చప్పుడు తన గొంతులో వినబడింది. నేరుగా వంటగదిలోకి వెళ్లాడు.

"కొమురవ్వా, రేపు పులిహోర చెయ్యి. పల్లీలు వెయ్యి, కల్యామాకు వెయ్యి, ఏం కావాలంటే గది వెయ్యి."

"ఫొటో?"

"ఫొటో సంగతి నేను చూసుకుంట."

ఆయనకు చూసుకోవడం ఎలాగో తెలియదు. కానీ ఆ మాట ఊరంతా తిరిగింది. మర్నాడు పిల్లలందరూ వచ్చారు. గోడ దూకేవాళ్లు కూడా గేటులోంచి వచ్చారు. చింతపండు పులుసూ ఇంగువా ఘుమఘుమలాడుతుంటే మూడో పీరియడులో పాఠం ఎవరూ వినలేదు, చెప్పే షాహీన్‌తో సహా.

పన్నెండున్నరకు లక్ష్మీరాజం ఫొటో తీశాడు. 'మీ భోజనం పరిమితిని మించినది.' ఇంకోవైపు నుంచి తీశాడు. మించినది. గిన్నె మీద సగం మూత పెట్టి తీశాడు. మించినది. పులిహోరలో పల్లీ గింజలు వివరంగా, కరివేపాకు ఇంకా వివరంగా మెరిసిపోతున్నాయి. ఒంటిగంట దాటింది. చిన్నపిల్లలు పళ్లేల మీద తలలు ఆనించారు. ఒకడు ఏడుపు మొదలుపెడితే వాణ్ని చూసి మరో ఇద్దరు అందుకున్నారు. రెండు కావస్తోంది.

కొమురవ్వకు ఓర్పు నశించింది. ఒక పళ్లెం తీసి కొంగుతో తళతళా తుడిచి, సున్నపు గోడకు ఆనించి, తాను పక్కకు తప్పుకుంది.

"ఇగ తియ్యి సారూ! అన్నం లేని పళ్లెం ఎన్ని కేబీలో అదీ సూద్దాం!"

ఆమె కోపంతో అన్నది. లక్ష్మీరాజం విసుగుతో నొక్కాడు.

ఆకుపచ్చ టిక్కు పడింది. 'అభినందనలు. మీ భోజనం ఆమోదించబడినది.'

షాహీన్ ఫోను తీసుకొని ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది. "సార్, వీళ్లు ఫొటోను చూస్తలేరు. తూకం వేస్తున్నరు, అంతే."

లక్ష్మీరాజం పిల్లల వైపు తిరిగాడు. "తినుండ్రి."

ఆ రోజు గిన్నె అడుగు గీకిన చప్పుడు వీధిదాకా వినబడింది. ఆ తరువాత ప్రతిరోజూ ఖాళీ పళ్లెం వెబ్‌సైటుకు, నిండు పళ్లెం పిల్లలకు. పోపు తిరిగొచ్చింది, మెతుకు తిరిగొచ్చింది, దుప్పట్లు ఎవరివి వాళ్లకు చేరాయి. రోజూ నాలుగో నియమమూ ఏడో నియమమూ తు.చ. తప్పకుండా అమలయ్యాయి. ఫొటోను ఎవరూ తగ్గించలేదు, ఫొటో పరిమితి దాటలేదు. సర్క్యులరును, పిల్లలను ఒకేసారి సంతోషపెట్టిన అనుభవం లక్ష్మీరాజానికి ఉద్యోగంలో అదే మొదటిసారి. రాత్రిళ్లు హాయిగా నిద్రపోయాడు.

అదే ఆయన చేసిన పొరపాటు. ఎర్రగుంటపల్లి ఫొటో రాష్ట్రం మొత్తంలో అన్నిటికంటే తేలికైనదిగా తేలింది. చిద్విలాస్ ఆ ఫొటోను తెప్పించుకొని మొట్టమొదటిసారి కళ్లతో చూశాడు. చూసి ముగ్ధుడైపోయాడు. తెల్లటి గోడ, దాని ముందు గుండ్రటి పళ్లెం. ఒక్క వివరం లేదు. తాను శిక్షణలో చెప్పిందంతా ఆయనకు అందులో కనబడింది. దానికి 'ఎర్రగుంటపల్లి నమూనా' అని పేరు పెట్టి, జిల్లాలోని బడులన్నీ అదే అనుసరించాలని ఉత్తర్వులిచ్చాడు.

జిల్లా కేంద్రంలో సన్మానం పెట్టారు. లక్ష్మీరాజాన్ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. చిద్విలాస్ మైకు ముందు నిలబడ్డాడు.

"ఈ మహనీయుడు మనకు దారి చూపించాడు. గత మాసం నుండి జిల్లాలోని సమస్త పాఠశాలలూ ఖాళీ పళ్లెములనే సమర్పిస్తున్నవి. ఏ ఒక్క విద్యార్థి నుండి గాని, తల్లిదండ్రుల నుండి గాని లిఖితపూర్వక ఫిర్యాదు అందలేదు. దీనిని బట్టి పిల్లలకు బియ్యం అవసరం లేదని స్పష్టమవుతున్నది. కావున వచ్చే నెల నుండి బియ్యం సరఫరా నిలిపివేయుటకు ప్రతిపాదనలు పంపడమైనది."

చప్పట్లు కొట్టారు. లక్ష్మీరాజం కొట్టబోయి ఆగాడు. శాలువా భుజాల మీద బరువెక్కినట్టయింది. మాట్లాడమని ఎవరూ పిలవలేదు. అయినా లేచి మైకు దగ్గరికి వెళ్లాడు.

"సార్, బియ్యం ఆపొద్దు. మా పిల్లలు తింటున్నరు. దినాం తింటున్నరు. కడుపునిండ తింటున్నరు. ఫొటో తీసేది ఖాళీ పళ్లెం, పెట్టేది మాత్రం అన్నమే సార్."

చిద్విలాస్ ముఖంలో నవ్వు ఒక్కొక్క వివరమే పోగొట్టుకుంది. "అంటే... ఫొటోలో లేని అన్నాన్ని పిల్లలు తింటున్నారా?"

"అవును సార్."

"అనుమతి లేకుండా?"

"టిక్కు పడ్డంకనే తిన్నరు సార్."

"టిక్కు పడింది పళ్లేనికి! అన్నానికి కాదు!"

కప్పిన చేతులే శాలువాను తీసుకున్నాయి. వారం తిరక్కముందే విచారణాధికారిగా హేమలత అనే ఆమె కారులో ఎర్రగుంటపల్లికి వచ్చింది. వెంట నరహరి ఉన్నాడు. ఆమె వంటగదిలోకి వెళ్లి బియ్యం సంచులు చూస్తుంటే, నరహరి లక్ష్మీరాజాన్ని మూలకు లాగాడు.

"పిల్లలతోటి తినలేదని చెప్పియ్యండ్రి. ఫొటోలేమో ఖాళీ పళ్లెం, పిల్లలేమో తినలేదు. రెండూ కలిసిపోతయి. మీ మీద కేసే ఉండదు."

"తినలేదంటే బియ్యం ఏడబోయినయని అడుగరా సార్?"

"గది వేరే విచారణ. వేరే ఫైలు. గప్పుడు గప్పటిది చూసుకుందాం."

లక్ష్మీరాజం పిల్లల వైపు చూశాడు. వాళ్లను అప్పటికే వరండాలో నిలబెట్టారు. తమ సారుకు ఏదో ఆపద వచ్చిందని తెలుసు గానీ, ఏమంటే ఆపద పోతుందో వాళ్లకు తెలియదు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. తెల్లటి గోడ ముందు నల్లటి కళ్లు.

ఆయన వాళ్ల దగ్గరికి నడిచాడు. "భయపడకుండ్రి. మేడం అడిగితే ఏం జరిగిందో గదే చెప్పుండ్రి."

హేమలత కాగితాల అట్ట చేతిలో పట్టుకొని వచ్చింది. "పిల్లలూ, మీరు బడిలో అన్నం తిన్నారా?"

"తిన్నం మేడం!" వరండా మోగిపోయింది.

"రోజూ?"

"దినాం తిన్నం!"

"నేను పులిహోర రెండుసార్లు పెట్టిచ్చుకున్న," అని శ్రీనిక ముందుకొచ్చి నేరం ఒప్పుకుంది.

హేమలత తలెత్తకుండా రాసుకుంది. రాయడం పూర్తయ్యేసరికి భోజనవేళ దాటిపోయింది. కొమురవ్వ వచ్చి ఆమె ముందు ఒక పళ్లెం పెట్టింది. అడగలేదు, పెట్టింది.

"వద్దమ్మా, నేను విచారణకు వచ్చాను."

"విచారణకొచ్చినోళ్లకు ఆకలి గాదా? తిను బిడ్డా."

హేమలత వద్దంటూనే ఓ పల్లీ గింజ నోట్లో వేసుకుంది. తరువాత ఒక ముద్ద. తరువాత కాగితాల అట్ట పక్కన పెట్టి బెంచీ మీద బాసిపట్టు వేసుకుంది. కొమురవ్వ రెండోసారి వడ్డిస్తే ఈసారి కాదనలేదు. అప్పుడే నరహరికి నివేదికలో సాక్ష్యం ఉంటే బాగుంటుందని తోచింది. ఫోను తీసి గురిపెట్టాడు.

హేమలత ఎడమచెయ్యి పళ్లెం మీద అడ్డంగా పెట్టింది.

"ఇది రికార్డు కాదు నరహరి గారూ. ఇది పులిహోర."

నరహరి ఫోను జేబులో పెట్టుకున్నాడు. కొంచెం ఆగి, తనక్కూడా ఒక పళ్లెం దొరుకుతుందా అన్నట్టు వంటగది వైపు చూశాడు.

నెల తిరిగాక ఉత్తర్వులు వచ్చాయి. 'విద్యార్థులు ప్రతిదినము కడుపునిండా భోజనము చేసినట్లు విచారణలో నిస్సందేహముగా రుజువైనది. ఇందుకు బాధ్యుడైన ప్రధానోపాధ్యాయునికి ఒక వార్షిక ఇంక్రిమెంటు నిలిపివేయడమైనది. విద్యార్థులు భోజనము చేయుచున్నట్లు అధికారికముగా నిర్ధారణ అయినందున, జిల్లాకు బియ్యము సరఫరా యథాతథముగా కొనసాగించవలెను. ఖాళీ పళ్లెము ఫొటో నియమములకు లోబడియే ఉన్నందున దానిని కూడా కొనసాగించవచ్చును.' ఈలోగా చిద్విలాస్‌కు రోడ్ల శాఖకు బదిలీ అయింది. అక్కడ గుంతల ఫొటోలు చాలా పెద్దవిగా వస్తున్నాయట.

లక్ష్మీరాజం ఉత్తర్వును వరండాలో నిలబడి చదివాడు. కొమురవ్వ చేతులు తుడుచుకుంటూ పక్కకొచ్చింది.

"ఏం రాసిండ్రు సారూ?"

"పిల్లలు తిన్నరని రుజువైందట."

"గంతేనా? దానికి గంత పెద్ద కాయితమా?"

"గంత పెద్దదే పట్టింది."

ఆయన కింద 'అందినది' అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. ఆ తరువాత చెప్పులు విడిచి పిల్లల వరస చివర కూర్చున్నాడు. శ్రీనిక కొద్దిగా జరిగి చోటిచ్చింది. కొమురవ్వ గరిటె నిండా తీసి ఆయన పళ్లెం మీద ఆపింది.

"ఎంత వెయ్యమంటవ్ సారూ?"

"చాలనేదాక వెయ్యి," అన్నాడు లక్ష్మీరాజం.